అడిగిన ప్రశ్నే మళ్లీ వస్తే

పాత తెలుగు పుస్తకం ఒకటి చేతికొస్తుంది. అట్ట ఊడిపోయి ఉంటుంది. లోపలి పేజీలో పుస్తకం పేరు, రచయిత పేరు, కింద ప్రెస్సు పేరు, వెల ఉంటాయి. ముద్రణ సంవత్సరం ఉండాల్సిన చోట అంకెలు లేవు, ‘ఆనంద నామ సంవత్సరము’ అని మాత్రమే ఉంది. అది ఏ ఏడాది? పరిశోధన చేసే విద్యార్థికీ, ముత్తాత రాసిన పుస్తకం పెట్టెలో దొరికిన మనవరాలికీ, పాత పుస్తకాలను స్కాన్ చేసి కంప్యూటర్‌కి ఎక్కించే ఉద్యోగికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. లైబ్రరీకి వెళ్లి అడుగుతారు. విషయం తెలిసిన లైబ్రేరియన్ ఉంటే ఐదు నిమిషాల్లో తేల్చేస్తారు. అరవై ఏళ్ల చక్రంలో ఆనంద నలభై ఎనిమిదోది. చక్రంలో మొదటిదైన ప్రభవ 1867లో, 1927లో, 1987లో వచ్చింది. దానికి నలభై ఏడు కలిపితే 1914 ఉగాదికైనా, 1974 ఉగాదికైనా ఆనంద మొదలై ఉండాలి. వెల దగ్గర ఎనిమిది అణాలని ఉంటే పుస్తకం 1974 నాటిది అయ్యే వీల్లేదు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చి అణాల లెక్కను తోసేశాయి. 1854లోనూ ఆనంద వచ్చింది గానీ, ఆ ప్రెస్సు అప్పటికి పుట్టలేదు. కాబట్టి 1914.

అడిగినవారు సంతోషంగా వెళ్లిపోతారు. లైబ్రేరియన్ ఇంకో పనిలో పడతారు. ఆ ఐదు నిమిషాల ఆలోచన మాత్రం ఎక్కడా రాసి ఉండదు. ఆరు నెలల తర్వాత మరొకరు ‘రాక్షస నామ సంవత్సరము’ అని ఉన్న పుస్తకంతో వస్తారు. ఆ రోజు కౌంటర్ దగ్గర వేరేవాళ్లు ఉంటారు. వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది. తెలిసిన ఆ ఒక్కరూ రిటైరైతే ఆ విద్య వారితోనే ఇంటికి పోతుంది. లైబ్రరీలో పుస్తకాలకు కేటలాగ్ ఉంది, సభ్యులకు రిజిస్టర్ ఉంది, చెదలు తిన్న పుస్తకాలకూ లెక్క ఉంది. జనం ఏం అడిగారో, వాళ్లకు ఏం చెప్పారో రాసుకునే పుస్తకం మాత్రం చాలాచోట్ల కనిపించదు. తరచూ వచ్చే ప్రశ్నలకు జవాబులు నమోదు చేసుకునే పద్ధతి ఈ లోటును తీర్చడానికి పుట్టిందే. అయితే అందులో ఒక చిక్కుంది. నమోదు అనగానే జవాబు రాసి పెట్టడమనే అందరూ అనుకుంటారు. జవాబు ఒక్కటే రాస్తే ఆ శ్రమలో చాలాభాగం వృథా. జవాబు దాకా నడిచిన దారినీ, అడిగినవారి మాటల్లోనే ప్రశ్ననూ రాసినప్పుడే ఆ నమోదు పదేళ్ల తర్వాత కూడా అక్కరకొస్తుంది.

పెట్టెలో మిగిలిన కార్డులు

న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ సిబ్బందికి ఒకసారి పాత కార్డుల పెట్టె దొరికింది. 1940ల నుంచి 1980ల దాకా పాఠకులు అడిగిన చిత్రమైన ప్రశ్నలను అప్పటి లైబ్రేరియన్లు చిన్న కార్డుల మీద ఎక్కించి దాచారు. 2014 చివర్లో వాటిని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం మొదలుపెడితే జనం ఇష్టంగా చదివారు. 2019లో అవి పుస్తకంగానూ వచ్చాయి. ఆ పుస్తకం కోసం లైబ్రేరియన్లు చేసిన పని ఇక్కడ మనకు ముఖ్యం. కార్డుల మీద ఉన్నవి ఎక్కువగా ప్రశ్నలే కాబట్టి, ఆ పాత ప్రశ్నలకు వాళ్లు కొత్తగా వెతికి జవాబులు రాయాల్సి వచ్చింది. అప్పటి లైబ్రేరియన్ ఏ పుస్తకం తీశారు, ఎక్కడ దొరక్క వెనక్కి వచ్చారు, చివరికి ఏది నమ్మారు అన్న సంగతులు నిలవలేదు. సరదా మిగిలింది గానీ పనితనం మిగల్లేదు.

మన దేశంలో ఈ ఆలోచనకు పునాది పాతదే. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ బాధ్యతలు చేపట్టిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు చెప్పారు. పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది అందులో నాలుగోది. పాఠకుల ప్రశ్నలకు జవాబు వెతికిచ్చే రిఫరెన్స్ సేవను ఆయన రెండు రకాలుగా విడదీశారు. ఒకటి అక్కడికక్కడే తేలిపోయేది, రెండోది రోజుల తరబడి వెతకాల్సి వచ్చేది. రెండింటిలోనూ ముందు సన్నాహం, తర్వాత సేవ, ఆ తర్వాత ఆ అనుభవాన్ని ఒంటబట్టించుకోవడం అనే మూడు దశలు ఉండాలన్నారు. మొదటి రెండూ మన లైబ్రరీలు ఎలాగో చేసుకొస్తున్నాయి. మూడోది మనుషుల జ్ఞాపకానికి వదిలేశాం. ఒంటబట్టాల్సింది సంస్థకు కదా, ఒక్క ఉద్యోగికి ఒంటబడితే ఆయన బదిలీ కాగానే సంస్థ మళ్లీ అక్షరాభ్యాసం దగ్గర నిలబడుతుంది.

ఆవకాయ, పాలు, మధ్యాహ్నం కూర

జవాబు ఒక్కటే రాసి పెడితే ఏమవుతుందో చూడటానికి దూరం పోనక్కర్లేదు. ‘తెలంగాణలో ఎన్ని జిల్లాలు?’ అన్నది పోటీ పరీక్షలకు చదివే పిల్లలు లైబ్రరీలో అడిగే మామూలు ప్రశ్న. రాష్ట్రం ఏర్పడిన 2014 జూన్ 2న సరైన జవాబు 10. 2016 అక్టోబర్ 11 నుంచి 31. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరాక 33. ఆంధ్రప్రదేశ్‌లో 13 ఉన్న జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. ఏ రోజున రాసిన జవాబు ఆ రోజుకు నిజమే. తేదీ లేకుండా రాసి పెడితే అదే జవాబు కొన్నాళ్లకు అబద్ధమై కూర్చుంటుంది, పైగా లైబ్రరీ ముద్రతో. కొండలు కదలవు గదా అనుకుంటే, ఎవరెస్ట్ ఎత్తు దశాబ్దాల పాటు 8,848 మీటర్లని చదువుకున్నాం, 2020 డిసెంబర్‌లో నేపాల్, చైనా కలిసి దాన్ని 8,848.86 మీటర్లుగా ప్రకటించాయి. తొమ్మిది గ్రహాలు 2006లో ఎనిమిదయ్యాయి.

వంటింట్లో ప్రతి గృహిణికీ తెలిసిన సంగతే ఇది. ఆవకాయ ఏడాది నిలుస్తుంది, పాలు రేపటికి విరుగుతాయి, మధ్యాహ్నం కూర రాత్రికి వాసనేస్తుంది. మూడింటినీ ఒకే అలమరలో ఒకే తీరుగా పెట్టం. జవాబులకూ ఇలాంటి నిలవ కాలం ఉంటుంది. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మొదట అచ్చయింది 1852లో అన్నది ఆవకాయ లాంటి జవాబు. మండలాల సంఖ్య, ధ్రువపత్రాల రుసుము, పరీక్షకు వయోపరిమితి లాంటివి పాలు. ఈ రోజు లైబ్రరీ ఎన్నింటికి మూస్తారు, ఫలానా పుస్తకం ర్యాకులో ఉందా లేదా అన్నవి కూర. కాబట్టి నమోదు చేసే ప్రతి జవాబు మీద రెండు తేదీలుండాలి, రాసిన తేదీ, మళ్లీ సరిచూడాల్సిన తేదీ. కంప్యూటర్ ఇంజినీర్లకు ఇది బాగా తెలుసు. తరచూ అడిగే సమాచారాన్ని దగ్గర్లో ఒక నకలు పెట్టుకుంటే పని వేగంగా సాగుతుంది, కానీ అసలు మారినప్పుడు నకలు మారకపోతే తప్పుడు సమాచారం అంతే వేగంగా బయటికెళ్తుంది. అందుకే నకలుకు గడువు పెడతారు. లైబ్రరీ నమోదుకూ అదే న్యాయం.

ఈ మూడు రకాల్లో దేనిలోనూ ఇమడని ప్రశ్నలు కొన్నున్నాయి, నిజానికి అసలు కష్టం వాటితోనే. ‘తెలుగులో తొలి నవల ఏది?’ అని అడిగితే చాలామంది కందుకూరి వీరేశలింగం రాజశేఖర చరిత్రమని ఠక్కున చెబుతారు. అది 1878లో వివేకవర్ధని పత్రికలో ధారావాహికగా మొదలై 1880లో పుస్తకంగా వచ్చింది. నరహరి గోపాలకృష్ణమ సెట్టి శ్రీరంగరాజ చరిత్ర అంతకు ముందే, 1872లో వచ్చింది. అది నవలే అని కొందరు, నవలా లక్షణాలు పూర్తిగా లేవని కొందరు వాదిస్తూ వచ్చారు. ఇక్కడ ఒక్క పేరు రాసి పెట్టడం పాఠకుడికి అన్యాయం. ఏ కొలత పెడితే ఏది మొదటిదవుతుందో, ఆ వాదాలు ఏ పుస్తకాల్లో ఉన్నాయో రాస్తే, విద్యార్థి తన పరీక్షకు కావాల్సిన జవాబు తాను తీసుకుంటాడు, కావాలంటే ఇంకాస్త లోతుకు వెళ్తాడు.

---

పక్క గడి: ఒక నమోదు దగ్గరగా చూస్తే

మొదట్లో చెప్పుకున్న పుస్తకం గురించి లైబ్రేరియన్ పది నిమిషాలు వెచ్చించి రాసే నమోదు ఇలా ఉండొచ్చు.

*అడిగిన మాట:* ‘ఈ పుస్తకం మీద ఆనంద నామ సంవత్సరం అని ఉంది, ఇంగ్లీషు సంవత్సరం ఎంత?’

*అసలు కావాల్సింది:* పుస్తకం ముద్రణ కాలం.

*జవాబు:* 1914 ఉగాది నుంచి 1915 ఉగాది లోపు.

*నడిచిన దారి:* ప్రభవ 1867, 1927, 1987. అరవై పేర్ల జాబితా పంచాంగంలో ఉంది. కావాల్సిన పేరు ఎన్నోదో చూసి, అందులోంచి ఒకటి తీసేసి ప్రభవ ఏడాదికి కలపాలి. ఉగాది మార్చి-ఏప్రిల్‌లో వస్తుంది కాబట్టి ఆ ముందరి నెలలు పాత పేరులోకే పోతాయి. అరవై ఏళ్ల తేడాతో వచ్చిన రెండు మూడు ఏళ్లలో ఏదో తేల్చడానికి వెల చూడాలి: అణాలుంటే 1957కు ముందుది. చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. 1854 కూడా ఆనందే, కాబట్టి ఆ ప్రెస్సు ఎప్పుడు పెట్టారో చూడాలి. పీఠికలో చెప్పిన సంఘటనలూ సాయపడతాయి.

*పనికిరాని దారి:* లైబ్రరీ చేర్పు ముద్ర మీది తేదీ. పుస్తకం విరాళంగా వచ్చిన రోజు అది, అచ్చయిన రోజు కాదు.

*నమ్మకం:* ఎక్కువ. *మళ్లీ చూడాల్సిన అవసరం:* లేదు.

‘1914’ అన్న జవాబు ఆ ఒక్క పుస్తకానికే పనికొస్తుంది. ‘నడిచిన దారి’ అరవై సంవత్సరాల పేర్లకూ పనికొస్తుంది. పనికిరాని దారి రాయడం వల్ల తర్వాత వచ్చేవాళ్లు అదే గోతిలో పడరు.

---

అడిగే మాట వేరు, రాసిన మాట వేరు

ఇంత శ్రద్ధగా రాసి పెట్టినా, కావాల్సినప్పుడు దొరకకపోతే ఏం లాభం? ఇక్కడ ఎదురయ్యే అడ్డంకి మనుషుల భాషలోనే ఉంది. 1987లో జార్జ్ ఫర్నాస్, థామస్ లాండౌర్, లూయిస్ గోమెజ్, సుసాన్ డుమైస్ ఒక అధ్యయనం ప్రచురించారు. వంటకాలకు, కంప్యూటర్ ఆదేశాలకు, ఇంకా కొన్ని మామూలు వస్తువులకు పేర్లు పెట్టమని మనుషుల్ని అడిగి చూశారు. ఒకే వస్తువుకు ఇద్దరు ఒకే మాట వాడే అవకాశం 20 శాతం కంటే తక్కువని తేలింది. అంటే లైబ్రేరియన్ ఎంత చక్కని శీర్షిక పెట్టి నమోదు రాసినా, ఐదుగురిలో నలుగురు దాన్ని ఇంకో మాటతో వెతుకుతారు. ఆ పరిశోధకులు చెప్పిన ఉపాయం సూటిగా ఉంది. ఒక్క సరైన పేరు కోసం తన్నుకోవడం మాని, జనం వాడే పేర్లన్నిటినీ ఆ వస్తువుకే తగిలించాలి.

తెలుగులో ఈ చిక్కు ఇంకో మెట్టు పైన ఉంటుంది. భూమి సాగు వివరాలుండే కాగితాన్ని ఆంధ్రలో అడంగల్ అంటారు, తెలంగాణలో పహాణీ అంటారు. గుంటూరు నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడినాయన ‘అడంగల్ నకలు ఎలా తీసుకోవాలి’ అని అడుగుతాడు. అక్కడి నమోదు ‘పహాణీ’ పేరు మీద ఉంటుంది. ఇద్దరిదీ శుద్ధమైన తెలుగు వాడుకే, అయినా ప్రశ్న జవాబును తాకకుండా పోతుంది. గ్రంథాలయం, లైబ్రరీ, పుస్తక భాండాగారం కూడా అలాంటివే. అందుకే ప్రశ్నను లైబ్రేరియన్ తన పరిభాషలోకి మార్చి రాయడం మంచి ఉద్దేశంతో చేసే పొరపాటు. వచ్చినవారు అన్న మాట అన్నట్టే రాయాలి, కొత్త మాటతో ఇంకొకరు అడిగితే ఆ మాటనూ అదే నమోదుకు చేర్చాలి. ఇలా ప్రతి కొత్త పాఠకుడూ తనకు తెలియకుండానే తర్వాతివాడికి ఒక తలుపు తెరిచి వెళ్తాడు.

తప్పు మాటలకూ ఇక్కడ విలువుంది. జపాన్‌లోని ఫుకుయ్ ప్రిఫెక్చర్ లైబ్రరీ సిబ్బంది, పాఠకులు పొరపాటుగా గుర్తుపెట్టుకుని అడిగిన పుస్తకాల పేర్లను, వాటి అసలు పేర్లను జతలుగా పోగేశారు. అక్కడ చాలా పేరున్న పిల్లల బొమ్మల పుస్తకం ఒకటి పది లక్షల సార్లు బతికిన పిల్లి గురించి. దాన్ని ఒకరు పది లక్షల సార్లు చచ్చిన పిల్లి పుస్తకమని అడిగారు. ఆ తప్పు పేరునే శీర్షికగా పెట్టి 2021లో ఆ జాబితా నుంచి ఒక పుస్తకం వెలువడింది. నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ లైబ్రేరియన్‌కు అది పనిముట్టు. కేటలాగ్‌లో ఎంత వెతికినా దొరకని పేరు ఈ జాబితాలో దొరుకుతుంది, ఎందుకంటే కేటలాగ్ పుస్తకాల వైపు నుంచి రాసింది, ఇది మనుషుల వైపు నుంచి రాసింది.

అడిగిన మాట వెనక అసలు అవసరం ఇంకొకటి ఉంటుందన్న సంగతి 1968లో గ్రంథాలయ పరిశోధకుడు రాబర్ట్ టేలర్ వివరించారు. మనసులో అస్పష్టంగా ఉన్న అవసరం మాటల్లోకి వచ్చేసరికి, లైబ్రరీ ఏది ఇవ్వగలదో ఊహించుకుని మనిషి తన ప్రశ్నను కుదించుకుంటాడని ఆయన అన్నారు. ‘ఆంధ్రపత్రిక ఎప్పుడు మొదలైంది?’ అన్న ప్రశ్నకు రెండు సరైన జవాబులున్నాయి. కాశీనాథుని నాగేశ్వరరావు 1908 సెప్టెంబర్‌లో బొంబాయిలో వారపత్రికగా పెట్టారు, 1914 ఏప్రిల్ 1 నుంచి అది మద్రాసులో దినపత్రిక. అడిగినవారికి బొంబాయి తెలుగువాళ్ల చరిత్ర కావాలా, దినపత్రికల చరిత్ర కావాలా, లేక 1911 నాటి ఒక సంచిక ఎక్కడ దొరుకుతుందో కావాలా? ‘దేనికోసమండీ?’ అని లైబ్రేరియన్ నెమ్మదిగా అడిగే ఆ ఒక్క మాటలోనే సగం పని ఉంది. నమోదులో ఆ సంభాషణ ఫలితం కూడా ఉండాలి. లేకపోతే తర్వాతివాళ్లు 1908 అని ఒక్క ముక్క చదివి ముగిస్తారు.

యంత్రం ఎలా పట్టుకుంటుంది

నమోదులు వంద దాటితే కాగితం మీద వెతకడం కష్టం, వేలకు చేరితే యంత్రం కావాలి. ఆ యంత్రం చేసే పని పాఠ్యపుస్తకం వెనక ఉండే పదసూచిని పోలి ఉంటుంది. ప్రతి మాటకూ ఎదురుగా ఆ మాట ఏయే నమోదుల్లో ఉందో ముందే రాసి పెట్టుకుంటుంది. మనం ‘ఆనంద నామ సంవత్సరం’ అని కొట్టగానే నమోదులన్నీ చదవదు, సూచిలో ఆ మూడు మాటల వరుసలు తీసి, మూడింటిలోనూ కనిపించే నమోదులను పైకి తెస్తుంది. మూడు మాటల బరువూ సమానం కాదు. ‘సంవత్సరం’ అన్న మాట వందల నమోదుల్లో ఉంటుంది, దాని వల్ల పెద్దగా తెలిసేదేమీ లేదు. ‘ఆనంద’ కొన్నింటిలోనే ఉంటుంది. అరుదైన మాటకు ఎక్కువ బరువివ్వాలన్న ఈ సూత్రాన్ని 1972లో కంప్యూటర్ శాస్త్రవేత్త కరెన్ స్పార్క్ జోన్స్ ప్రతిపాదించారు. ఊరి సంతలో ‘చొక్కా వేసుకున్నాయన’ అని గుర్తు చెబితే ఎవరూ దొరకరు, ‘ఎర్ర తలపాగా చుట్టుకున్నాయన’ అంటే దొరుకుతాడు.

తెలుగు ఇక్కడ యంత్రాన్ని బాగా ఇబ్బంది పెడుతుంది. గ్రంథాలయం, గ్రంథాలయంలో, గ్రంథాలయానికి, గ్రంథాలయాల్లోని అన్నవి మనకు ఒకే మాట, అక్షరాలు మాత్రమే చూసే యంత్రానికి నాలుగు వేర్వేరు మాటలు. ఆంధ్రపత్రికను ఒకరు కలిపి రాస్తారు, ఒకరు విడదీసి రాస్తారు. ‘నుంచి’ రాసేవాళ్లున్నారు, ‘నుండి’ రాసేవాళ్లున్నారు. ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లు మరీ ఎక్కువ. విభక్తులు తీసేసి మూలపదం దాకా వెళ్లే ఏర్పాటు లేకపోతే తెలుగు నమోదుల్లో వెతకడం చీకట్లో సూది వెతకడమే.

ఈ మధ్య వచ్చిన పద్ధతులు అక్షరాలను దాటి మాటల సాంగత్యం చూస్తాయి. పెళ్లి పందిట్లో ముక్కూ మొహం తెలియని ఇద్దరు మాటిమాటికీ ఒకే గుంపు పక్కన కూర్చుంటే, వాళ్లిద్దరూ ఆ ఇంటి తాలూకే అని ఊహిస్తాం. అడంగల్, పహాణీ రెండూ సర్వే నంబరు, పట్టాదారు, తహసీల్దారు లాంటి మాటల పక్కనే కనిపిస్తుంటాయి కాబట్టి, వేల వాక్యాలు చదివిన యంత్రం ఆ రెండూ దగ్గరి బంధువులని గ్రహిస్తుంది. అయితే పందిట్లో ఊహ తప్పొచ్చు, ఇక్కడా తప్పుతుంది. ఆనంద అన్న సంవత్సరాన్ని ఆనందమనే భావంతో కలిపేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. పాఠకుల సొంత మాటలు నమోదులో ఎంత ఎక్కువుంటే ఈ ఊహ అంత గట్టిపడుతుంది.

ఒక్క ఊరి లైబ్రరీకి చాలదు

తరచూ వచ్చే ప్రశ్నలనే రాయాలనే మాటలో ఒక మెలిక ఉంది. రోజూ వచ్చేవి సభ్యత్వం ఎంత, ఏ కాగితాలు తేవాలి, ఎన్ని రోజులు పుస్తకం ఇస్తారు అన్నవి. వీటికి నమోదు వ్యవస్థ అక్కర్లేదు, గుమ్మం పక్కన ఒక బోర్డు చాలు. బోర్డుకు ఎక్కనివి, ఏడాదికి రెండుసార్లో పదేళ్లకు ఒకసారో వచ్చేవి మిగులుతాయి. పదేళ్లకోసారి వచ్చే ప్రశ్న కోసం ఎందుకు రాయాలని ఏ లైబ్రేరియన్‌కైనా అనిపిస్తుంది. ఆ లెక్కను వంద లైబ్రరీలకు కలిపి వేస్తే చిత్రం మారుతుంది. ఒక్కోచోట పదేళ్లకోసారి వచ్చే ప్రశ్న వంద చోట్ల కలిసి ఏడాదికి పదిసార్లు వస్తుంది. విడివిడిగా అరుదైనది కలిసి చూస్తే తరచూ వచ్చేదే. నమోదును పంచుకోవాలన్న వాదానికి ఇంతకు మించిన బలం అక్కర్లేదు.

జపాన్ ఈ లెక్క నమ్మి పని చేసింది. అక్కడి నేషనల్ డైట్ లైబ్రరీ నడిపే రిఫరెన్స్ సహకార డేటాబేస్ ప్రయోగ దశ దాటి 2005లో పూర్తిస్థాయిలో మొదలైంది. ప్రజా గ్రంథాలయాలు, విశ్వవిద్యాలయాలవి, ప్రత్యేక విషయాల లైబ్రరీలు తమ దగ్గరికొచ్చిన ప్రశ్నలను అందులో చేరుస్తాయి. ఆ నమోదులో ప్రశ్న, జవాబుతో పాటు జవాబు దొరికిన తీరుకు వేరే గడి ఉంది. అడిగినవారు అప్పటికే ఎక్కడెక్కడ వెతికి వచ్చారో రాయడానికి ఇంకో గడి. ఒక విషయం మీద వెతికే పద్ధతిని వివరించే వ్యాసాలకు విడిగా ఒక విభాగమే ఉంది. ఎక్కువమంది గమనించనిది, తేలిందా తేలలేదా అన్న గడి. తేలని ప్రశ్ననూ సిగ్గుపడకుండా నమోదు చేస్తారు, ఎక్కడో ఇంకో లైబ్రరీలో దాని గుట్టు తెలిసినవారుంటే అందుకుంటారు. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, లైబ్రరీల కోసం పనిచేసే ఓసీఎల్‌సీ సంస్థ కలిసి 2002లో తెచ్చిన క్వశ్చన్‌పాయింట్ కూడా లైబ్రరీలు ఒకరి ప్రశ్నలు ఒకరు అందుకుని జవాబులు కూడబెట్టే ఆలోచనతోనే పుట్టింది. దారిని ఒక గడిగా నిలబెట్టిన జపాన్ నమూనాయే నాకు ఎక్కువ నచ్చుతుంది.

ఎదురు వాదాలు

తప్పు జవాబు నమోదైతే ఆ తప్పే పదిమందికి అంటుకుంటుంది కదా అన్నది మొదటి అభ్యంతరం, అది తేలిగ్గా తీసేయదగ్గది కాదు. 1986లో పీటర్ హెర్నన్, చార్లెస్ మెక్‌క్లూర్ అమెరికా లైబ్రరీల మీద ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో చాలామందిని కలవరపెట్టింది. సరైన జవాబు ముందే తెలిసిన ప్రశ్నలను మామూలు పాఠకుల్లా వెళ్లి అడిగించి చూస్తే, సరైన జవాబు వచ్చింది దాదాపు 55 శాతమే. అలాంటి జవాబులను పోగేసి భద్రపరిస్తే చెత్త పోగేసినట్టే కదా? అయితే ఆ 45 శాతం తప్పుల సంగతి ఎవరికి తెలిసింది? పరీక్ష పెట్టినవారికే. నోటితో చెప్పిన తప్పు అడిగినవారితో పాటు గుమ్మం దాటిపోతుంది, దాన్ని ఎవరూ దిద్దలేరు. రాసిన తప్పు పదిమంది కళ్లబడుతుంది, ఆధారం రాసి ఉంటే ఎక్కడ తప్పిందో పట్టుకోవచ్చు. దారి రాయమనడానికి ఇది ఇంకో కారణం. ఆధారం లేని జవాబును దిద్దడమంటే మొత్తం పని మళ్లీ చేయడమే.

రెండోది పాఠకుడి గుట్టు. ఇది నన్ను నిజంగా ఆలోచింపజేసే అభ్యంతరం. లైబ్రరీలో అడిగే ప్రశ్నల్లో రోగాల గురించి, ఆస్తి తగాదాల గురించి, విడాకుల గురించి ఉంటాయి. పేరు కొట్టేస్తే చాలదు. చిన్న పట్నంలో ‘ఫలానా వీధిలో మిల్లు పక్క స్థలం మీద దావా’ అని రాస్తే పేరు రాసినట్టే. అమెరికాలో 2001లో పేట్రియాట్ చట్టం వచ్చినప్పుడు లైబ్రేరియన్లు దాన్ని గట్టిగా ఎదిరించింది ఇలాంటి ఆందోళనతోనే, ఎవరు ఏం చదువుతున్నారో ప్రభుత్వానికి చెప్పాల్సి వస్తుందని. కాబట్టి నమోదులోకి మనిషి రాకూడదు, ప్రశ్న ఒక్కటే రావాలి. ఆ స్థలం ప్రశ్నను ‘పాత దస్తావేజులో సరిహద్దులు సరిగా లేకపోతే ఏ రికార్డు చూడాలి’ అని విప్పి రాస్తే పాఠకుడు దాగుతాడు, జ్ఞానం నిలుస్తుంది. అడిగిన మాట అడిగినట్టే రాయాలన్న నియమం ఇక్కడ మాత్రం వెనక్కి తగ్గాలి. జపాన్ వ్యవస్థలో ప్రతి నమోదునూ సొంత లైబ్రరీకే ఉంచాలా, పాల్గొనే లైబ్రరీల దాకా పంపాలా, అందరికీ చూపాలా అని ఎంచుకునే వీలుంది. ఆ జాగ్రత్త మనమూ తీసుకోవచ్చు.

ఇంటర్నెట్, ప్రశ్న అడగ్గానే వాక్యాల్లో జవాబిచ్చే కృత్రిమ మేధ ఉండగా ఈ శ్రమ ఎందుకని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. ఆ యంత్రాలు ఎక్కడో ఎవరో రాసినదాన్ని చదివే మాట్లాడతాయి. ఇంగ్లీషులో రాసింది కొండంత, తెలుగులో రాసింది దానితో పోలిస్తే గుప్పెడు. మన జిల్లాలోని ప్రెస్సుల గురించి, ఆగిపోయిన పత్రికల గురించి, ఊళ్ల పాత పేర్ల గురించి ఎవరూ రాయకపోతే యంత్రం మౌనంగా ఉంటే నయమే, నమ్మబలికే వాక్యం ఒకటి అల్లేస్తే అసలు ప్రమాదం. జవాబు చెప్పే ముందు నమ్మదగిన నమోదుల్లోకి వెళ్లి వెతికి, దొరికినదాని ఆధారంగానే మాట్లాడేలా యంత్రాన్ని నడిపే పద్ధతులు వచ్చాయి. ఆ పద్ధతికి మేత కావాలి. ఆధారంతో, తేదీతో, తేలిందా లేదా అన్న మాటతో రాసిన లైబ్రరీ నమోదులకు మించిన మేత దొరకదు.

సిబ్బంది ఎక్కడున్నారు, తీరిక ఎక్కడుందన్నది చివరి మాట. ఖాళీ పోస్టుల మధ్య నడిచే లైబ్రరీలకు ప్రతి ప్రశ్ననూ రాయమనడం న్యాయం కాదు. రాయాల్సినవి ప్రశ్నలన్నీ కాదు, తేల్చడానికి ఐదు నిమిషాలైనా పట్టినవే. ఆ ఐదు నిమిషాలు మళ్లీ ఎవరూ పెట్టకుండా ఆపేదే ఈ నమోదు.

రూళ్ల పుస్తకంతో మొదలుపెడితే

సాఫ్ట్‌వేర్ వచ్చేదాకా ఆగనవసరం లేదు. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో కౌంటర్ దగ్గర రెండు వందల పేజీల రూళ్ల పుస్తకం ఒకటి పెట్టి, అడ్డంగా ఆరు గడులు గీస్తే చాలు: తేదీ, అడిగిన మాట, అసలు కావాల్సింది, నడిచిన దారి, జవాబు, మళ్లీ చూడాల్సిన రోజు. వరుసకు ఒక నంబరు. నెలకోసారి ఆ పేజీల ఫోటోలు పక్క జిల్లాల లైబ్రేరియన్లకు వాట్సాప్‌లో పంపుకోవచ్చు. అరవై సంవత్సరాల పేర్ల లెక్క, పత్రికలు పుట్టిన తేదీలు, పాత తాలూకాలు ఇప్పుడు ఏ మండలంలో ఉన్నాయన్నది, ఏ పాత పత్రిక సంచికలు వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో ఉన్నాయి, ఏవి ఇంకెక్కడ ఉన్నాయన్నది మొదటి కొన్ని పేజీల్లోనే చేరిపోతాయి. జవాబు దొరకనప్పుడు ఆ గడిని ఖాళీగా వదలకుండా ‘తేలలేదు’ అని, ఎక్కడి దాకా వెతికారో రాయాలి. పక్క జిల్లాలో ఆ ఫోటో చూసినవారిలో ఎవరికైనా ఆ ప్రెస్సు పేరు తెలిసి ఉండొచ్చు.